గొయ్యి వద్దు, కుప్ప పెట్టు

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. పెరట్లో ఎరువు కోసం మూడడుగుల గొయ్యి తవ్విస్తున్నానని మీ పెద్దమ్మతో అన్నావట. ఆ పని ఆపెయ్యమ్మా. కోనసీమ నేలలో గొయ్యి తవ్వి నేను ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాను. వేసవిలో బాగానే ఉంది. కాలవలకి నీళ్లొదిలి, నాలుగు వానలు పడేసరికి అడుగు నుంచి నీరూరింది. వంకాయ తొడిమలు, అరటి తొక్కలు అందులో తేలాయి. ఆ కంపుకి పక్కింటివాళ్లు నెల్లాళ్లు కిటికీ తియ్యలేదు. గాలి ఆడకపోతే చెత్త మురుగుతుంది గాని ఎరువవ్వదు.

మనకి కుప్పే నయం. చెట్టు నీడలో మెరక చూసి, అడుగున కొబ్బరి డొక్కలు పరిపించు. అవి ఓ పట్టాన కుళ్లవు. నీళ్లు కిందికి జారతాయి, గాలి లోపలికి వెళుతుంది. పైన కుప్ప మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి. మరీ చిన్నదైతే వేడి నిలవదు. బుట్టెడు వంటింటి చెత్తకి రెండు మూడు బుట్టలు ఎండుటాకులో, నరికిన వరిగడ్డో వెయ్యి. అరటి బోదె నిండా నీళ్లే, దాన్ని తడి లెక్కలో వేసుకో. మధ్యమధ్య పేడనీళ్లు చల్లు. చేప పొలుసులు, రొయ్య తలకాయలు మాత్రం వద్దు. ఊళ్లో కుక్కలన్నీ మీ గుమ్మంలోనే ఉంటాయి.

గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. కారిపోతుంటే ఎండుటాకు కలుపు. వానొస్తే బరకం కప్పు. నాలుగైదు రోజులకి లోపల ఇనప చువ్వ గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకో. చురుక్కుమంటే పని మొదలైనట్టే. లోపలి వేడి 55, 60 డిగ్రీలకి చేరితే కలుపు గింజలు కూడా చాలావరకు చస్తాయి.

ఇక నాకు టెన్షనంతా కొమ్ము పురుగు గురించే. మీ పెరట్లో కొబ్బరిచెట్లు ఉన్నాయి కదా, మొవ్వు తొలిచేసేది అదే. అది ఎక్కువగా గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లాంటి చోట్లే. అందుకే పదిహేను రోజులకోసారి పారతో కుప్ప తిరగెయ్యి, బద్ధకించకు. తెల్లగా, బొటనవేలంత లావున, వంకర తిరిగి పడుకున్న పురుగులు కనిపిస్తే ఏరి కోళ్లకి వెయ్యి. మా కోళ్లయితే పార చప్పుడు వినగానే పరిగెత్తుకొస్తాయి. పురుగులు మరీ ఎక్కువైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడుగు. వాటికి జబ్బు తెప్పించి చంపే మెటారైజియం అనే బూజు ఉంది, కుప్పలో ఎలా కలపాలో వాళ్లే చెబుతారు.

మూడు నాలుగు నెలలకి నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో తయారవుతుంది. తయారయ్యాక కుప్పగా ఉంచితే మళ్లీ ఆ పురుగుకే ఇల్లు. జల్లించి, వెంటనే మొక్కల మొదట్లో వేసెయ్యి. ఇంకా కుళ్లని ముక్కలు కొత్త కుప్పలోకి.

పందిరి కాకర గింజలు దాచి ఉంచాను. అల్లుడుగారు ఇటొస్తే ఇచ్చి పంపుతాను.

మీ పెదనాన్న