కంచె లోపలి కథ కూడా రాయి

తమ్ముడూ,

ప్రపంచ వేదికల మీద రైతు పోరాటాల గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మెక్సికోలోని కాంకూన్ ఘట్టం బాగా వచ్చింది. 2003 సెప్టెంబరు 10న ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) సభ బయట, కంచె మీదికెక్కి ప్రాణం తీసుకున్న కొరియా రైతు లీ క్యుంగ్ హే. ‘డబ్ల్యూటీఓ రైతుల్ని చంపుతోంది’ అన్న ఆయన అట్టముక్కతోనే మొదలుపెట్టావు. సరే. కానీ చివరిదాకా కంచె బయటే ఉండిపోయావు.

లోపలికి వెళ్లినవాళ్ల కథ చప్పగా ఉంటుంది, అందుకే ఎవరూ రాయరు. ఇండోనేసియా రైతు సంఘమూ, లా వియా కంపెసినా అనే అంతర్జాతీయ రైతు కూటమీ రైతు హక్కుల ముసాయిదా పట్టుకుని జెనీవా చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాయి. 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి దాని మీద ఒక వర్కింగ్ గ్రూప్ వేసింది. బొలీవియా ముందుండి నడిపింది. మాట మాటకీ పంచాయితీ. విత్తనాన్ని ‘హక్కు’ అనాలా వద్దా అన్నచోట మరీను. 2018 డిసెంబరు 17న జనరల్ అసెంబ్లీలో రైతు హక్కుల ప్రకటన ఓటుకొస్తే 121 దేశాలు ఔనన్నాయి, మన దేశం కూడా. అమెరికా, బ్రిటన్‌తో కలిపి 8 దేశాలు కాదన్నాయి. 54 దేశాలు ఎటూ తేల్చలేదు, యూరప్‌లో చాలా భాగం అందులోనే. నేనైతే ఆ 54 గురించే రెండు పేరాలు రాస్తాను. ఇంతా చేసి, ఆ ప్రకటనను అమలు చేయమని ఏ దేశాన్నీ కోర్టుకీడ్చలేం. ఆ సంగతీ దాచకు.

రోమ్‌లోని ప్రపంచ ఆహార భద్రతా కమిటీనీ వదలొద్దు. 2009 సంస్కరణ తర్వాత అక్కడ రైతు సంఘాలు చర్చలో కూర్చుని మాట్లాడొచ్చు, ఓటు మాత్రం ప్రభుత్వాలదే. పంక్తిలో విస్తరి వేశారు గానీ గరిటె చేతికివ్వలేదు. 2021లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవస్థల సదస్సునైతే, కంపెనీల పెత్తనమంటూ లా వియా కంపెసినా లాంటి రైతు సంఘాలే బహిష్కరించాయి.

ఇంకొకటి. వ్యాసం పొడుగునా ‘ఆహార భద్రత’ అనే రాశావు. 1996 రోమ్ సదస్సులో లా వియా కంపెసినా తెచ్చిన మాట ‘ఆహార సార్వభౌమత్వం’. అంటే తిండి దొరకడమొక్కటే కాదు, ఏం పండించాలో, ఎలా పండించాలో తేల్చుకునే హక్కు కూడా జనానిదే అని. నోరు తిరగదని నేనూ ఒకప్పుడు ‘భద్రత’తోనే సరిపెట్టాను. జహీరాబాద్ దగ్గర ఒక జొన్న రైతమ్మకు నా వ్యాసం చదివి వినిపిస్తే మధ్యలోనే ఆపింది. “రేషన్ బియ్యమిస్తే గూడ కడుపు నిండుతది గద బిడ్డా. ఇత్తనం ఎవలిదో రాయలేదేంది?”

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి మొత్తం తిరగరాశాను. నీ రెండో ప్రతి ఎప్పుడు పంపిస్తావు?

ఆశీస్సులతో,
మీ అన్న