అద్దె ఇవ్వడు, ఖాళీ చేయడు: కరెంటు మాత్రం కట్ చేయకండి

కూకట్‌పల్లి ఫ్లాట్‌లో 11 నెలల అగ్రిమెంటు అయిపోయినా అద్దెకున్నాయన కదలడం లేదు, రెండు నెలలుగా అద్దె లేదు, కరెంటు కట్ చేయించనా అని అడిగారు కదండీ. ఆ పని మాత్రం చేయకండి. తాళం వేసినా, నీళ్లు ఆపినా ఆయన పోలీస్ స్టేషన్‌కి వెళ్తాడు. బాకీ సంగతి పక్కకు పోయి మీరే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

గడువు తీరాక కూడా కొన్నాళ్లు అద్దె తీసుకున్నానన్నారు కాబట్టి అది నెలవారీ అద్దె కిందకే వస్తుంది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. లాయరుతో రాయించి, రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి గానీ దాన్నే నమ్ముకోవద్దు. అసలు చిక్కు ఆ తర్వాతే. నోటీసు అందగానే చాలామంది ఫోన్‌పేలో ఒక నెల అద్దె కొట్టేస్తారు. ఏమీ అనకుండా ఉంచుకుంటే, నోటీసు వదులుకున్నారని రేపు కోర్టులో వాదిస్తారు. అదే రోజు "పాత బాకీ కింద జమ చేసుకున్నాను, నోటీసు అలాగే ఉంది" అని రాసి పంపండి.

అడ్వాన్సు రెండు నెలలదే కాబట్టి అది కరిగిపోయినట్టే. బిల్లు మీదున్న యూఎస్‌సీ నంబరుతో (మీ కరెంటు కనెక్షన్ నంబరు) కరెంటు బకాయి కూడా చూడండి. మీటరు మీ పేరున ఉంటే, ఆయన వెళ్లిపోయాక అది మీ నెత్తినే పడుతుంది. పెయింటింగ్ డబ్బుల కోసం పట్టు పట్టకండి. ఒక నెల బాకీ మాఫీ చేస్తే ఖాళీ చేస్తానంటే నేనైతే ఒప్పుకోమంటాను, సివిల్ కోర్టు చుట్టూ తిరగడం కన్నా అది చవక. తాళాలు చేతికిచ్చేటప్పుడే ఖాళీ చేసినట్టు సంతకం తీసుకోండి.