ఏ పెల్లెట్ కొనాలో నీ రైఫిల్‌నే చెప్పనీ

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఎయిర్ రైఫిల్ బాగుంది. సెకండ్‌హ్యాండ్ అయినా బ్యారెల్ మూతి దగ్గర ఎక్కడా దెబ్బ లేదు, ఇంతకుముందు వాడినవాళ్లు జాగ్రత్తగానే వాడారు. ఇక అందులో వేసే పెల్లెట్ల, అంటే చిన్న సీసపు గుళ్ల, గురించి నీ ప్రశ్న. "మామయ్యా, మంచి పెల్లెట్ ఏదో పేరు చెప్పు చాలు, కొనేస్తాను" అన్నావు. పేరు చెప్పడం నిమిషం పని. కానీ నేను చెప్పేది నా రైఫిల్‌కి నప్పిన పెల్లెట్ పేరు అవుతుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు పక్కపక్కన పెట్టి కాల్చినా, ఒకదానికి పడిన పెల్లెట్ రెండోదానికి పడకపోవచ్చు. బ్యారెల్ లోపలి కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా చాలు, ఫలితం మారుతుంది. అందుకే టెస్ట్ చెయ్యక తప్పదు. ఎలా చెయ్యాలో రాస్తున్నాను. తొందరపడకుండా చదువు.

ముందు దేనికోసం ఇంత కష్టమో తెలియాలి. పది మీటర్ల టార్గెట్‌లో "పది" అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. మన పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. దాని అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వస్తుంది. అంటే పెల్లెట్ నడిమధ్య భాగం టార్గెట్ కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపు పడాలి. అక్కడి నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకి ఒక్కో దశాంశం పెరుగుతూ 10.9 దాకా వెళ్తుంది. 60 షాట్లకు గరిష్ఠం 654. పావు మిల్లీమీటరు అంటే నీ వేలి గోరు మందం కూడా ఉండదు. కానీ మన ఆటంతా అక్కడే ఉంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా క్వాలిఫికేషన్, ఫైనల్ రెండూ కలిపి 700.5తో బంగారం గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న చైనా షూటర్ స్కోరు 699.7. అదే పోటీలో, ఇక్కడ చెన్నైలోనే పుట్టిన గగన్ నారంగ్ క్వాలిఫికేషన్‌లో 595 కొట్టి కూడా కౌంట్‌బ్యాక్‌లో, అంటే స్కోరు సమమైతే చివరి షాట్లు చూసి తేల్చే పద్ధతిలో, ఫైనల్‌కి దూరమయ్యాడు. అప్పుడు క్వాలిఫికేషన్‌లో దశాంశాలు లెక్కించేవాళ్లు కాదు. 2013 నుంచి రైఫిల్‌కి అక్కడా లెక్కిస్తున్నారు కాబట్టి ప్రతి దశాంశమూ నీ ఖాతాలోకే వస్తుంది.

అలాగని పెల్లెట్ మారిస్తే ఇరవై పాయింట్లు పెరుగుతాయని ఆశ పెట్టుకోకు. ఈ ఒక్క విషయం నువ్వు బాగా అర్థం చేసుకోవాలి. నీ చేతి వల్ల వచ్చే చెదురు, పెల్లెట్ వల్ల వచ్చే చెదురు ఒకదాని మీద ఒకటి నేరుగా కూడుకోవు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల్లాగా కలుస్తాయి, మనకు కనిపించేది కర్ణం. నువ్వు ఇప్పుడు 612 దగ్గర ఆడుతున్నావు. అంటే సగటున కేంద్రానికి 2 మిల్లీమీటర్ల దూరంలో పడుతున్నాయి అనుకో. పెల్లెట్ చెదురు అర మిల్లీమీటరు ఉంటే రెండూ కలిసి 2.06 అవుతుంది. 60 షాట్లకు పోయేది సుమారు ఒకటిన్నర పాయింటు. అదే పెల్లెట్ చెదురు ఒకటిన్నర మిల్లీమీటర్లు అయితే మొత్తం 2.5కి చేరుతుంది. షాటుకి రెండు దశాంశాల చొప్పున దాదాపు 12 పాయింట్లు గోవిందా. ఈ లెక్క సగటుల మీద వేసిన ఉజ్జాయింపే, అయినా అసలు సంగతి ఇందులో ఉంది. చెడ్డ పెల్లెట్ నిన్ను ముంచుతుంది. మంచిదానికీ, ఇంకా మంచిదానికీ మధ్య తేడా మాత్రం నీ స్థాయిలో దాదాపు కనపడదు. కాబట్టి మన టెస్ట్ ముఖ్యంగా చెడ్డవాటిని ఏరిపారెయ్యడానికి. ప్రపంచంలోకెల్లా గొప్ప డబ్బా ఎక్కడుందో వెతకడం మన పని కాదు.

శాంపిల్స్ విషయానికొస్తే, మూడు నాలుగు రకాలు చాలు. ఆర్‌టెన్, ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ, కియాంగ్ యువాన్ లాంటివి మన రేంజుల్లో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. రైఫిల్‌కి వాడేవి 0.53 గ్రాముల దగ్గరివి తీసుకో, అంతకన్నా తేలికైనవి పిస్టల్ వాళ్లవి. డబ్బా మీద తల కొలత 4.49, 4.50, 4.51 అని రాసి ఉంటుంది, పక్కనే బ్యాచ్ నంబరు కూడా ఉంటుంది. పేరుకన్నా ఈ బ్యాచ్ నంబరే ముఖ్యం. అదే పేరు, అదే కొలత, వేరే బ్యాచ్ అయితే దాన్ని వేరే పెల్లెట్ కిందే లెక్కపెట్టు. బెంగళూరులో నీ తోటి షూటర్లు ఒక్కొక్కరు ఒక్కో డబ్బా కొని, తలా వంద పంచుకుంటే అందరికీ ఖర్చు తగ్గుతుంది. అడగడానికి మొహమాటపడకు. ఈ విషయంలో రేంజ్ మనుషులు చాలా ఉదారంగా ఉంటారు.

టెస్ట్‌కి ముందు రైఫిల్‌ని ఒకసారి తనిఖీ చెయ్యి. స్టాక్ స్క్రూలు బిగువుగా ఉన్నాయా, గురి చూసే వెనక సైట్ కదులుతోందా, ముందు సైట్ రింగ్ లూజుగా ఉందా చూడు. సెకండ్‌హ్యాండ్ రైఫిళ్లలో "పెల్లెట్ బాలేదు" అన్న ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఒక లూజు స్క్రూ ఉంటుంది. తరవాత గాలి సిలిండర్ మీద ముద్రించిన తయారీ తేదీ చదువు. కంపెనీ ఇచ్చిన గడువు, మామూలుగా పదేళ్లు, దాటితే దాన్ని పక్కన పెట్టి కొత్తది కొను. ఇందులో పొదుపు పనికిరాదు. 200 బార్ ఒత్తిడి నీ చెంప పక్కనే ఉంటుంది మరి. గాలి నింపేటప్పుడు పొడిగా ఉన్న మామూలు గాలి మాత్రమే నింపించు. దగ్గర్లో ఆక్సిజన్ సిలిండర్ దొరికింది కదా అని ఎవరైనా దాంతో నింపుతానంటే ఒప్పుకోకు, పేలుతుంది. లోపలున్న గ్రీజు, నూనె జాడలు స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో అంటుకుంటాయి.

ఇప్పుడు అసలు టెస్ట్. నీ చేతిని ఇందులోంచి తీసెయ్యాలి. కొన్ని అకాడమీల్లో పెల్లెట్ టెస్టింగ్ కోసమే వైస్, అంటే రైఫిల్‌ని కదలకుండా బిగించే పట్టు, ఉంటుంది, అక్కడి వాళ్లే బిగిస్తారు. బ్యారెల్‌ని కానీ సిలిండర్‌ని కానీ పట్టి బిగించనివ్వకు. వైస్ దొరక్కపోతే ఇసుక సంచుల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, నీకన్నా నిలకడగా కాల్చేవాళ్లతో కాల్పించు. నిలబడి నీ పొజిషన్‌లో కాల్చి పెల్లెట్‌ని తూచకు. అప్పుడు తెలిసేది ఆ పూట నీ నడుము ఎలా ఉందో, అంతే. డాబా మీదా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనూ వద్దు. మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు కదా అని కొందరు అలా చేస్తుంటారు. పక్కింటి పిల్లవాడు ఎప్పుడు బాల్ కోసం వస్తాడో మనకు తెలియదు. రేంజ్‌లోనే చెయ్యాలి.

ఒక రకం నుంచి ఇంకో రకానికి మారినప్పుడు మొదటి పదిహేను ఇరవై షాట్లు లెక్కలోకి తీసుకోకు. బ్యారెల్‌లో పాత పెల్లెట్ పూత పోయి కొత్తది పట్టుకునేదాకా షాట్లు పడే గుంపు, అంటే గ్రూపు, అటూ ఇటూ తిరుగుతుంది. ఫెల్ట్ పెల్లెట్‌తో బ్యారెల్ శుభ్రం చేశాక కూడా ఇంతే, మొదటి కొన్ని వదిలెయ్యి. ఆ తరవాత పది షాట్ల గ్రూపులు, ఒక్కో రకానికి కనీసం మూడు. అన్నీ ఒకే రోజు, సిలిండర్ ఒత్తిడి గేజ్ మధ్యలో ఉండగా కాల్చు, ఎర్ర గీత దగ్గరికి రానివ్వకు. ముఖ్యంగా ఐదు షాట్ల గ్రూపు చూసి మురిసిపోవద్దు. ఒకే డబ్బాలోంచి తీసి వరుసగా ఐదేసి కాలిస్తే ఒక గ్రూపు ఇంకోదానికి దాదాపు రెట్టింపు రావచ్చు, అందులో పెల్లెట్ తప్పేమీ ఉండదు. రేంజ్‌లో ఫోన్ తీసి చూపించే అద్భుతమైన గ్రూపులన్నీ ఐదేసి షాట్లవే అయి ఉంటాయి, గమనించు.

కొలవడానికి కాగితం టార్గెట్ మంచిది. మ్యాచ్ పెల్లెట్ మూతి చదునుగా ఉంటుంది కాబట్టి మంచి కార్డు మీద పంచ్ మెషీన్ కొట్టినట్టు గుండ్రంగా తెగుతుంది. పది షాట్లూ పడ్డాక దాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూడు. రంధ్రం అంచు గుండ్రంగా ఉందా, ఒక పక్కకి సాగిందా, లేక ఒక్కటి మాత్రం విడిపోయి చెవిలా పొడుచుకొచ్చిందా? వెర్నియర్ కాలిపర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, అందులోంచి 4.5 తీసెయ్యి. వచ్చేది అసలు చెదురు. పది షాట్లకు బయటి కొలత 6 మిల్లీమీటర్ల లోపు నిలకడగా వస్తుంటే ఆ పెల్లెట్ నీకు చాలు. మూడు గ్రూపుల్లో రెండు చిన్నగా వచ్చి, మూడోదాంట్లో ఒక్కటి బయటికి పోతే దాన్ని "ఫ్లయర్" అని కొట్టిపారెయ్యకు. పోటీలో కూడా ఆ ఒక్కటి అలాగే వెళ్తుంది, అప్పుడు స్కోరు బోర్డు దాన్ని క్షమించదు. నా మటుకు నేను, కాస్త పెద్ద గ్రూపే అయినా మూడుసార్లూ ఒకేలా వచ్చినదాన్నే ఎంచుకుంటాను.

గ్రూపు నిలువుగా సాగితే పెల్లెట్‌ని తిట్టకముందు వేగం చూడాలి. మన పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల చిల్లర వేగంతో వెళ్తుంది. పది మీటర్లు చేరేలోపు దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. వేగం ఒక్క శాతం తగ్గితే ఆ జారుడు రెండు శాతం పెరుగుతుంది. అంటే మిల్లీమీటరులో మూడో వంతు, ఒక దశాంశానికి పైనే. అందుకే ఎవరి దగ్గరైనా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే పది షాట్ల వేగం రాసుకో. వాటిలో ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా సెకనుకి రెండు మీటర్ల లోపు ఉంటే నిశ్చింత. ఏ పెల్లెట్ వేసినా ఐదారు మీటర్ల తేడా వస్తోందంటే ప్రతి షాటుకీ గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్‌ని సర్వీసుకి ఇవ్వాల్సిన టైమ్ వచ్చిందన్నమాట, డబ్బాలు మార్చి లాభం లేదు.

పెల్లెట్ వెనక పల్చటి అంచు ఉంటుంది చూడు, స్కర్ట్ అంటారు. సీసం మెత్తన కాబట్టి డబ్బా ఒకసారి కింద పడితే చాలు, అది నొక్కుకుపోతుంది. అద్దం పలక మీద పెట్టి వేలితో మెల్లగా దొర్లించు. సరైనది నున్నగా వంపు తిరుగుతూ పోతుంది, నొక్కు పడ్డది తడబడుతుంది. మ్యాచ్‌కి ముందు రోజు రాత్రి ఇలా ఏరుకో. మిల్లీగ్రాముల త్రాసు కొని ఒక్కొక్కటీ తూచేవాళ్లున్నారు. మంచి బ్యాచ్ మ్యాచ్ పెల్లెట్లకు ఆ శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ గంట హోల్డింగ్, అంటే రైఫిల్‌ని కదలకుండా పట్టుకునే, ప్రాక్టీస్ చేసుకుంటే ఎక్కువ లాభం. ఇక్కడ చెన్నైలో సముద్రపు గాలికి మూత సరిగ్గా పెట్టని డబ్బాలో తెల్లటి పొడి పడుతుంది. మీ ఊళ్లో అంత ఉండదు కానీ వానాకాలంలో కనిపెట్టి చూడు. తెల్లబడినవాటిని తుడిచి వాడకు, పారెయ్యి.

ఇంకో సంగతి, దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకు. పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని లోడ్ చేసే అలవాటు కొందరు కుర్రాళ్లకు ఉంది. నువ్వు ఎప్పుడూ ఆ పని చెయ్యొద్దు. సీసం ఒంట్లోకి చేరితే తొందరగా బయటికి పోదు. మనం అన్నం చేత్తో తినేవాళ్లం. రేంజ్ నుంచి రాగానే, టిఫిన్ బాక్స్ ముట్టుకోకముందే, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. ఉత్త నీళ్లు చాలవు. షూటింగ్ జాకెట్‌ని ఇంట్లో మంచం మీద పడెయ్యకు, చంటి తమ్ముడు పాకే చోట అసలు పెట్టకు. టార్గెట్ వెనక పెల్లెట్లు ఆగే ట్రాప్‌లో పోగైన సీసం పొడిని చీపురుతో ఊడవకు, తడి గుడ్డతో తుడువు. మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క తనతో కూడా చెప్పాను.

పెల్లెట్ తేలిందా, అదే బ్యాచ్ నంబరువి ఒకేసారి ఏడాదికి సరిపడా కొనెయ్యి. ఈ డబ్బు ఎక్కువ అనిపిస్తుంది, బావగారు ఒక మాట అంటారు కూడా. నేను మాట్లాడతాలే. బయటి నుంచి వచ్చే సరుకు అయిపోతే మళ్లీ అదే బ్యాచ్ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. అందులో కొంత పోటీలకు విడిగా దాచు. రోజూ ప్రాక్టీస్‌కి వేరే చవక రకం వాడాలనుకుంటే వాడుకో, కానీ పోటీకి రెండు వారాల ముందు నుంచి మ్యాచ్ పెల్లెట్‌కి మారిపో. గురి సరిచేసే సైట్ క్లిక్కులు ఎన్ని తేడా ఉన్నాయో నోట్‌బుక్‌లో రాసుకో.

ఆ తరవాత ఈ సీజన్ అయ్యేదాకా పెల్లెట్ గురించి ఆలోచించకు. పక్క లేన్‌లో అమ్మాయి 630 కొట్టిందని, ఆమె డబ్బా రంగు చూసి టెన్షన్ పడకు. ఒక రోజు స్కోరు పడిపోతే ముందు నీ నిద్ర, నీ కాళ్ల పొజిషన్, ట్రిగ్గర్ మీద వేలు ఎలా పడిందో చూసుకో. వారం పాటు వరసగా పడిపోయి, నీ డైరీలో వేరే కారణం కనిపించకపోతే, అప్పుడు మళ్లీ వైస్‌లో బిగించి అదే బ్యాచ్‌తో మూడు గ్రూపులు కాల్చు. పాత కార్డుల పక్కన పెట్టి చూడు. అవి మారకపోతే రైఫిల్, పెల్లెట్ రెండూ బాగున్నట్టే.

వచ్చే నెల పెళ్లికి నేను బెంగళూరు వస్తున్నాను. అప్పటికి టెస్ట్ కార్డులన్నీ ఒక కవర్‌లో పెట్టి ఉంచు. ఒక్కో కార్డు వెనక పెల్లెట్ పేరు, తల కొలత, బ్యాచ్ నంబరు, తేదీ, ఆ సమయానికి సిలిండర్ ఒత్తిడి ఎంతో పెన్సిల్‌తో రాయి. బాగా రాని కార్డులు కూడా ఉంచు, పారెయ్యకు. ఇద్దరం కూర్చుని చూద్దాం. అప్పటిదాకా పెద్ద ఆర్డర్ ఏదీ పెట్టకు.

మీ
మామయ్య