బాడ్ రేట్ సంగతి తర్వాత, ముందు డ్రైవర్ ఏం అడుగుతోందో చూడండి

మోడ్‌బస్ (ఫ్యాక్టరీ పరికరాలు కంప్యూటరుతో మాట్లాడుకునే పద్ధతి) లైన్ నెమ్మదించింది, అనవసర ట్రాఫిక్ తగ్గాలంటే కేబుల్ మార్చాలా, బాడ్ రేట్ (లైన్ స్పీడు) పెంచాలా అని ఒకరు అడిగారు. రెండూ వద్దండీ. నేను చూసినంతలో గొడవంతా డ్రైవర్‌లోనే, అంటే పరికరాలను అడిగి విలువలు తెచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది.

జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ. కరెంటు మీటర్లు, టెంపరేచర్ కంట్రోలర్లు అన్నీ ఒకే ఆర్‌ఎస్ 485 లైన్ (పరికరాలన్నీ పంచుకునే తీగ) మీద, స్పీడు సెకనుకు 9600 బిట్లు. స్క్రీన్ మీద అంకె మారేలోపు టీ తాగి రావచ్చు. నేను వెళ్ళేసరికే కేబుల్ మార్చేశారు, కొత్త కన్వర్టర్ కూడా కొన్నారు. అదేంటో, మన దగ్గర సామాను కొనడానికి సంతకం వెంటనే పడుతుంది, సాఫ్ట్‌వేర్ చూడ్డానికి ఒక పూట లైన్ ఇవ్వమంటే మాత్రం మీటింగ్ పెడతారు.

లాప్‌టాప్ తగిలించి లైన్ మీద పోయే బైట్లు చూస్తూ కూర్చున్నాను. ఒకే రియాక్టర్ టెంపరేచర్‌ను స్క్రీన్ ఒకసారి, అలారం ఒకసారి, ట్రెండ్ గ్రాఫు ఒకసారి అడుగుతున్నాయి. కూర అయిందా అని ఇంట్లో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వంటింట్లోకి తొంగి చూసినట్టు. పైగా రిపేరుకని విప్పి తీసుకెళ్ళిన మీటరునూ డ్రైవర్ ప్రతి రౌండులో పిలుస్తోంది. సెకను ఆగుతుంది, మళ్ళీ పిలుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. అంతసేపూ మిగతా పరికరాలు ఊరికే కూర్చోవాల్సిందే.

చదివిన విలువ డ్రైవర్ దగ్గరే ఉంచుకుని ముగ్గురికీ అదే ఇచ్చేలా మార్చాం. పలకని మీటరును నిమిషానికోసారి పలకరిస్తే చాలన్నాం. పక్కపక్కన ఉన్న రిజిస్టర్లను (పరికరంలో విలువలుండే గళ్ళను) ఒకే దెబ్బకు చదివించాం. 20 రిజిస్టర్లు ఒక్కొక్కటిగా అడిగితే రానూపోనూ 300 బైట్లు, కలిపి అడిగితే 53. ఒక్కసారికి 125 దాకా అడగొచ్చు. అయితే మధ్యలో లేని అడ్రసు తగిలితే కొన్ని మీటర్లు మొత్తానికే ఎర్రర్ కొడతాయి, అక్కడ రెండు ముక్కలు చేయండి.

ఇక నాకు ఒళ్ళు మండేది ట్యాగుల (చదవాల్సిన విలువల పేర్ల) ఎక్సెల్ షీటు. ఎంతసేపటికోసారి చదవాలో చెప్పే స్కాన్ టైము కాలమ్‌లో 1 సెకను అని రాసి కింది దాకా లాగేస్తారు. షిఫ్టుకోసారి పుస్తకంలో రాసుకునే యూనిట్ల రీడింగుకు సెకను దేనికండీ? అడిగితే, "అన్నీ రియల్‌టైమ్‌లో కావాలి సార్."

ఇంకొందరు డెడ్‌బ్యాండ్ (చిన్న మార్పులను పట్టించుకోకుండా వదిలేసే హద్దు) పెట్టాం కదా అంటారు. మోడ్‌బస్‌లో అడగందే పరికరం నోరు విప్పదు. డెడ్‌బ్యాండ్‌తో సర్వర్ దాటాక ట్రాఫిక్ తగ్గుతుందేమో గానీ, తీగ మీద ఒక్క బైటూ తగ్గదు.

రాసే వైపు కూడా చూసుకోండి. మారని సెట్‌పాయింటును (పరికరానికి మనం ఇచ్చే లక్ష్య విలువను) ప్రతి సైకిల్లో పంపితే లైన్ బరువెక్కడమే కాదు, దాన్ని ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీలో) దాచుకునే మోటారు డ్రైవ్ అయితే ఆ మెమరీ అరిగిపోతుంది. మారినప్పుడు పంపండి, డ్రైవ్ కరెంటు పోయి వచ్చాక ఇంకోసారి పంపండి.