బీకన్ రిసీవర్ పెట్టబోయే అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

బీకన్ రిసీవర్‌లో ఏ సెట్టింగ్ ఎలా పెట్టాలని ఆదివారం ఫోన్లో నువ్వు అడిగావు. దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేక కాదు, అంకెలతో పని కాబట్టి కాగితం మీద పెడితేనే నీకు ఉపయోగం అనిపించి ఇలా రాస్తున్నాను. చెన్నైలో మీ ఎర్త్ స్టేషన్‌కి, అంటే ఉపగ్రహంతో సిగ్నళ్లు నడిపే కేంద్రానికి, కొత్త బీకన్ రిసీవర్ వస్తోందనీ, బిగించి సెట్టింగులు పెట్టే పని నీకే అప్పగించారనీ విని చాలా సంతోషం వేసింది. టెన్షన్‌గా ఉందన్నావు. ఉండనీ, తప్పు లేదు. ఉపగ్రహం ఎప్పుడూ పంపే గుర్తు సిగ్నల్, అంటే బీకన్, ఎంత బలంగా అందుతోందో కొలిచే ఆ పెట్టె చూడ్డానికి చిన్నదే కానీ, అది చెప్పే ఒక్క అంకెని నమ్ముకుని రెండు పెద్ద యంత్రాలు నడుస్తాయి. ఒకటి డిష్‌ని తిప్పే యాంటెన్నా కంట్రోల్ యూనిట్. రెండోది వానొచ్చినప్పుడు అప్‌లింక్ పవర్, అంటే ఇక్కడి నుంచి ఉపగ్రహానికి పంపే సిగ్నల్ బలం, పెంచే పవర్ కంట్రోల్ యూనిట్. ఆ రెండూ ఎదురు ప్రశ్న వెయ్యవు. రిసీవర్ తప్పు చెబితే తప్పే చేస్తాయి. అందుకని ఏ సెట్టింగ్ పెట్టినా, "ఇది తేడా వస్తే ఆ రెండూ ఏం చేస్తాయి?" అని ఒక్కసారి అనుకుని ముందుకెళ్లు.

అసలు ట్రాకింగ్, అంటే డిష్ ఉపగ్రహం వెంటే చూస్తూ ఉండటం, ఎందుకంత ముఖ్యమో నీ డిష్‌తోనే చూద్దాం. మీది 7.2 మీటర్ల డిష్, కేయూ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీల్లో పనిచేసేది. 11.5 గిగాహెర్ట్జ్ దగ్గర దాని బీమ్ వెడల్పు, అంటే అది బాగా చూడగలిగే కోణం, పావు డిగ్రీ ఉంటుంది. పంపే 14 గిగాహెర్ట్జ్ దగ్గర ఇంకా సన్నం, సుమారు 0.2 డిగ్రీ. ఉపగ్రహం కదలకుండా ఉంటుందని పుస్తకాల్లో చదువుతాం కానీ, తన స్లాట్‌లో, అంటే ఆకాశంలో తనకిచ్చిన చోటులో, 0.05 నుంచి 0.1 డిగ్రీ దాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. 36 వేల కిలోమీటర్ల దూరంలో 0.1 డిగ్రీ అంటే 60 కిలోమీటర్ల పైమాటే. డిష్ అంతమేర పక్కకి చూస్తే అప్‌లింక్‌లో దాదాపు 3 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలం కొలత), అంటే సగం పవర్ పోతుంది. ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీలైన సీ బ్యాండ్ చిన్న డిష్‌తో ఈ బాధ ఉండదు, మీకు ఉంటుంది.

ముందు కేబుల్ బిగించకముందే చూడాల్సినది ఎల్ఎన్‌బీకి, అంటే డిష్ దగ్గర సిగ్నల్‌ని పెంచి తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే పెట్టెకి, కరెంటు ఎవరిస్తున్నారు అన్నది. చాలా రిసీవర్లు ఆ దించిన సిగ్నల్ వచ్చే ఎల్-బ్యాండ్ ఇన్‌పుట్ కేబుల్ మీదే 13 లేదా 18 వోల్టులు పంపగలవు, కొన్ని ఫ్రీక్వెన్సీని కచ్చితంగా నిలిపే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ కూడా పంపుతాయి. మీ స్టేషన్‌లో రెండు ఎల్ఎన్‌బీలు, వాటిని మార్చే కంట్రోలర్ ఉన్నాయి కదా, కరెంటు అక్కడి నుంచే వెళుతుంది. కాబట్టి రిసీవర్ మెనూలో ఎల్ఎన్‌బీ పవర్, రిఫరెన్స్ రెండూ ఆఫ్‌లో పెట్టాకే కేబుల్ తగిలించు. మధ్యలో సిగ్నల్‌ని పంచే స్ప్లిటర్ ఉంటే ఏ పోర్టులో డీసీ కరెంటు దాటుతుందో మీటర్ పెట్టి చూడు. స్ప్లిటర్ మీద ముద్రించిన గుర్తుని గుడ్డిగా నమ్మొద్దు.

తర్వాత ఫ్రీక్వెన్సీ. లెక్క కోసం బీకన్ 11,698 మెగాహెర్ట్జ్ అనుకో, ఎల్ఎన్‌బీ ఎల్ఓ (లోకల్ ఆసిలేటర్, సిగ్నల్‌ని దించడానికి వాడే ఫ్రీక్వెన్సీ) 10,600 అనుకో, రిసీవర్‌కి చేరేది 1,098. ఇది తేలిక. సీ బ్యాండ్‌లో మాత్రం ఎల్ఓ 5,150, అది సిగ్నల్ కన్నా పైన ఉంటుంది. 4,198 మెగాహెర్ట్జ్ బీకన్ 952 దగ్గర కనిపిస్తుంది, పైగా స్పెక్ట్రమ్ తిరగబడి వస్తుంది. ఉపగ్రహం ఫ్రీక్వెన్సీ పెరిగితే ఇక్కడ తగ్గుతుంది. రేపు సీ బ్యాండ్ డిష్‌కి కూడా నువ్వే పెట్టాల్సి రావచ్చు, ఎల్ఓ పైనా కిందా అన్న సెట్టింగ్ మరిచిపోకు. అసలు బీకన్ ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) మాత్రం ఉపగ్రహం నడిపేవాళ్ల దగ్గర్నుంచి లిఖితంగా తెప్పించుకో. పాత రిసీవర్ స్క్రీన్ మీద ఉన్నది చూసి రాసుకుంటే, అందులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నీకు తెలియదు.

ఇక ఈ ఉత్తరంలో నువ్వు రెండుసార్లు చదవాల్సిన మాట. ఆకుపచ్చ లైటు వెలిగి "లాక్" అని, అంటే రిసీవర్ ఒక సిగ్నల్‌ని పట్టుకుందని, పడగానే పని అయిపోయిందనుకోవద్దు. దేనికి లాక్ అయింది? మన ఉపగ్రహాల్లో చాలావాటికి బీకన్‌గా వాడేది ఉపగ్రహం తన పరిస్థితిని నేలకి తెలిపే టెలిమెట్రీ సిగ్నలే. మధ్యలో అసలు సిగ్నల్ అయిన క్యారియర్, దానికి రెండు పక్కలా సమాన దూరంలో సైడ్‌బ్యాండ్లు అనే చిన్న సిగ్నళ్లు. రిసీవర్‌ని వెడల్పుగా వెతకమంటే పక్కనున్న సైడ్‌బ్యాండ్‌కి కూడా హాయిగా లాక్ అవుతుంది. నువ్వు చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, అంకె కాస్త తక్కువ, అంతే. ఇంకో ప్రమాదం, ఒకే స్లాట్‌లో ఒకటికి మించి ఉపగ్రహాలు ఉండటం. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర చూడు, 2012లో జీశాట్-10ని అప్పటికే అక్కడున్న ఇన్‌శాట్-4ఏ, జీశాట్-12ల పక్కకే చేర్చారు. 2020లో జీశాట్-30 కూడా అదే స్లాట్‌కి వచ్చింది. పక్కవాడి బీకన్‌కి లాక్ అయితే డిష్ రోజంతా పక్కవాడి వెంటే నమ్మకంగా తిరుగుతుంది. ఒక స్టేషన్‌లో ఇలాగే జరిగి, రోజూ ఒకే వేళకి అప్‌లింక్ ఎందుకు పడిపోతోందో తెలియక వారాల తరబడి మోటార్లనీ గేర్లనీ అనుమానించారు.

అందుకని సిగ్నళ్లని ఫ్రీక్వెన్సీల వారీగా తెర మీద చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ పక్కన పెట్టుకుని పని చెయ్యి. మొదట ఒక మెగాహెర్ట్జ్ వెడల్పులో చూస్తే సైడ్‌బ్యాండ్లు రెండు పక్కలా తేలతాయి, నడిమిది గుర్తుపట్టు. దాని ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్ దాకా రాసుకుని, రిసీవర్ చూపిస్తున్న అంకెతో సరిచూడు. అప్పుడు వెతికే పరిధిని వీలైనంత తగ్గించు. మీ ఎల్ఎన్‌బీ బయటి 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ మీద నడుస్తుంది కాబట్టి అటూ ఇటూ 50 కిలోహెర్ట్జ్ చాలు. బయటి రిఫరెన్స్ లేకుండా నడిచే పాత రకం డీఆర్ఓ ఎల్ఎన్‌బీ అయితే ఎండకీ చలికీ 500 కిలోహెర్ట్జ్‌కి పైగా జరుగుతుంది, అంత వెడల్పుగా వెతకక తప్పదు, సైడ్‌బ్యాండ్ ప్రమాదం కూడా తప్పదు. ఆ పరిస్థితి ఉంటే నేను ముందు ఎల్ఎన్‌బీ మార్చమనే అంటాను.

ఇన్‌పుట్ లెవెల్ విషయంలో ఒక మాట. బీకన్ బలహీనంగా ఉంది కదా అని గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, పెంచేస్తారు కొత్తవాళ్లు. ఆ కేబుల్‌లో బీకన్ ఒక్కటే రాదు, ఉపగ్రహంలోని ట్రాన్స్‌పాండర్లు పంపే సిగ్నళ్లన్నీ కలిసి వస్తాయి. వాటి మొత్తం పవర్ రిసీవర్ ముందు భాగాన్ని నింపేస్తే బీకన్ అంకె అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. మొత్తం పవర్ ఎంతో కొలిచి, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుకి బాగా లోపల ఉండేలా సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ పెట్టు.

ఇప్పుడు బ్యాండ్‌విడ్త్ (రిసీవర్ వినే ఫ్రీక్వెన్సీల వెడల్పు), సగటు సమయం (ఎంతసేపటి కొలతల్ని సగటు చేస్తుందో అది). అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. మీ యాంటెన్నా యూనిట్ స్టెప్ ట్రాక్ చేస్తుంది, అంటే డిష్‌ని కొంచెం జరిపి, బీకన్ పెరిగిందా తగ్గిందా చూసి, పెరిగిన వైపు ఉంటుంది. ఆ అడుగు 0.02 డిగ్రీ అనుకో. సిగ్నల్ అన్నిటికన్నా ఎక్కువ ఉండే శిఖరం దగ్గర అంత జరిపితే బీకన్ ఎంత మారుతుందో తెలుసా? 0.1 డీబీ కూడా కాదు, సుమారు 0.08. రిసీవర్ ఒక్కో డీబీకి అర వోల్టు ఇస్తుంటే, అది 0.04 వోల్టు. అంత చిన్న తేడాని చూసి డిష్ నిర్ణయం తీసుకోవాలి! నీ అంకె నాయిస్ వల్ల 0.3 డీబీ ఊగుతుంటే డిష్ చీకట్లో తడుముకున్నట్టే. మోటార్లు ఊరికే తిరుగుతాయి, గేర్లు అరుగుతాయి, శిఖరం మాత్రం దొరకదు.

అందుకని ఫిల్టర్ బ్యాండ్‌విడ్త్ సన్నగా పెట్టు. పది రెట్లు సన్నం చేస్తే నాయిస్ 10 డీబీ తగ్గుతుంది. మరీ సన్నం చేస్తే ఫ్రీక్వెన్సీ కొంచెం జరిగినా సిగ్నల్ ఫిల్టర్ అంచుకి పోతుంది, కాబట్టి లాక్ అయ్యాక ఫ్రీక్వెన్సీ వెంట నడిచే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. సగటు సమయం కూడా ఎక్కువ పెడితే అంకె నిలకడగా కనిపిస్తుంది, కళ్లకి బాగుంటుంది. కానీ డిష్ అడుగు వేశాక యాంటెన్నా యూనిట్ ఎంతసేపు ఆగి చదువుతుందో కనుక్కో. అది రెండు సెకన్లే ఆగుతుంటే నీ సగటు ఐదు సెకన్లు ఉండకూడదు, పాత చోటి అంకెని కొత్త చోటిది అనుకుంటుంది. సగటు ఒక సెకను దగ్గర పెట్టి, ఆ ఆగే సమయాన్ని పెంచుకోవడం మంచిది. ఒక పూట ఖర్చు పెట్టయినా ఈ రెండింటినీ జోడీగా కుదుర్చుకో.

వోల్టేజ్ వైపు వద్దాం. అవుట్‌పుట్ 0 నుంచి 10 వోల్టులు, డీబీకి అర వోల్టు అయితే మొత్తం 20 డీబీ పరిధి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు, డిష్‌ని చేత్తో సరిగ్గా శిఖరానికి తెచ్చి, ఆఫ్‌సెట్ మార్చి 7 వోల్టుల దగ్గర నిలుపు. పైన 6 డీబీ, కింద 14 డీబీ జాగా ఉంటుంది. చెన్నై వానలకి కింద వైపే ఎక్కువ కావాలి. యాంటెన్నా యూనిట్‌లో కూడా అదే వాలు (డీబీకి అర వోల్టు) పెట్టావో లేదో పరీక్షించు. ఇన్‌పుట్‌లో 3 డీబీ అటెన్యుయేటర్ అదనంగా పెడితే వోల్టేజ్ 1.5 తగ్గాలి, యూనిట్ తెర మీద 3 డీబీ తగ్గినట్టు కనిపించాలి. ఈ రెండూ కలవకపోతే ఆ రోజు ట్రాకింగ్ ఆన్ చెయ్యొద్దు.

లాక్ థ్రెషోల్డ్‌కి, అంటే అంకె దేని కిందికి దిగితే లాక్ పోయిందనాలో ఆ హద్దుకి, ఇంకో చిన్న పని. రిసీవర్‌ని ఏ సిగ్నలూ లేని చోటికి ట్యూన్ చేసి నాయిస్ అంకె ఎంతో చూడు. దానికి మూడు నాలుగు డీబీ పైన థ్రెషోల్డ్ పెట్టు. లాక్ పోతే వోల్టేజ్ సున్నాకి పడేలా, అలారం కాంటాక్ట్ తెరుచుకునేలా సెట్ చెయ్యి. ఆ వైరు యాంటెన్నా యూనిట్‌కీ, పవర్ కంట్రోల్‌కీ రెండింటికీ వెళ్లాలి.

ఎందుకంటే పవర్ కంట్రోల్‌కి సున్నా వోల్టు ఒక్కటే కనిపించి అలారం కనిపించకపోతే, కుండపోత వాన పడుతోందని అనుకుంటుంది. నిర్మలమైన ఆకాశంలో పవర్‌ని చివరిదాకా పెంచేస్తుంది. అదే ఉపగ్రహం వాడే పక్క క్యారియర్ల వాళ్లకి చెయ్యకూడని అపకారం అది. అలారం రాగానే మామూలు పవర్‌కి తిరిగి రావాలి, ఏం జరిగినా లింక్ బడ్జెట్‌లో (సిగ్నల్ బలాల ముందస్తు లెక్కలో) ఒప్పుకున్న హద్దు దాటకూడదు. వాన 14 గిగాహెర్ట్జ్‌ని 11.7 కన్నా ఎక్కువ తినేస్తుంది కాబట్టి నిష్పత్తి 1.3 నుంచి 1.5 మధ్య పెడతారు. 1.4 పెడితే బీకన్ 4 డీబీ పడినప్పుడు అప్‌లింక్ 5.6 డీబీ పెరుగుతుంది. అన్నట్టు, వాన ఏ ఫ్రీక్వెన్సీని ఎంత మింగుతుందో తెలుసుకోవడానికే 2014 జనవరి 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-14లో 20.2, 30.5 గిగాహెర్ట్జ్ దగ్గర రెండు బీకన్లు పెట్టారు. నీకు వీలైతే ఆ కొలతల గురించి చదువు, ఆసక్తిగా ఉంటాయి.

టెలిమెట్రీ బీకన్‌తో వచ్చే మరో చిక్కు చెప్తాను. హాసన్‌లో ఉపగ్రహాల్ని అదుపులో ఉంచే మాస్టర్ కంట్రోల్ వాళ్లు ఉపగ్రహం దూరం కొలిచే రేంజింగ్ మొదలుపెడితే, పవర్‌లో కొంత ఆ టోన్లకి పోయి క్యారియర్ కొద్దిగా పడుతుంది, అయిపోగానే తిరిగి లేస్తుంది. మెట్టులా పడి మెట్టులా లేస్తే అది వాన కాదని నీకు గ్రాఫ్ చూడగానే తెలియాలి. అందుకే మొదటి వారం లెవెల్ అంతా రికార్డ్ చెయ్యి. ఆ చిన్న మెట్టుకి పవర్ కంట్రోల్ కదలకుండా అంతమేర చచ్చు పరిధి వదులు.

నవంబర్ వానల్లో బీకన్ క్షణక్షణానికీ మారుతుంటే స్టెప్ ట్రాక్‌కి ఏది తన అడుగో ఏది వానో తెలియదు. లెవెల్ 3 డీబీ పడితే అడుగులు ఆపి, ముందు రోజుల దారి గుర్తుపెట్టుకుని నడిచే పద్ధతికి మారేలా యాంటెన్నా యూనిట్‌లో పెట్టు. మార్చి మధ్యలో, సెప్టెంబర్ ఆఖరున సూర్యుడు సరిగ్గా డిష్ ఎదురుగా వచ్చే రోజుల్లో కూడా ఆ కొద్ది నిమిషాలు అదే పద్ధతి. బ్యాండ్‌విడ్త్ వెడల్పుగా ఉంటే సూర్యుడి నాయిస్‌తో అంకె పెరుగుతుంది, డిష్ సూర్యుడి వెంట పడుతుంది.

నెట్‌వర్క్ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్, ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ మీంచి యంత్రాన్ని గమనించే పద్ధతి) పేరు మార్చడం, గడియారం సర్వర్‌తో కలపడం మానొద్దు. అన్నీ సేవ్ చేశాక స్విచ్ ఆపి ఐదు నిమిషాలాగి మళ్లీ వెయ్యి, ఒక్కో సెట్టింగ్ నిలిచిందో లేదో చూడు. బయట కనెక్టర్లకి వాటర్‌ప్రూఫ్ టేప్ నువ్వే దగ్గరుండి చుట్టించు, సముద్రపు గాలికి ఆరు నెలల్లో పచ్చ తుప్పు పడుతుంది.

చివరి విలువలన్నీ ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపల అంటించు, తేదీ వెయ్యి. కాన్ఫిగరేషన్ ఫైలు కాపీ షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఇవ్వు. శనివారం నేను బెంగళూరులో ఇంట్లోనే ఉంటాను. ఎనలైజర్ తెర ఫోటో, రిసీవర్ తెర ఫోటో రెండూ ఒకేసారి తీసినవి పంపు, ట్రాకింగ్ ఆన్ చేసే ముందు కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న