టిప్పు ఎవరి జీతమో తెలుసుకో, తల్లీ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

న్యూయార్క్, టొరంటో, లండన్, బెర్లిన్, టోక్యో. ఉద్యోగం పని మీద ఒంటరిగా ఇన్ని ఊళ్లు తిరిగి రాబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. గర్వంగా ఉంది, దిగులుగానూ ఉంది. వీసా, మందులు, చలికోట్లు మీ అమ్మ చూసుకుంటుంది. నేను రాసేది బిల్లు చెల్లించే పద్ధతుల గురించి. కార్డు ఉందిగా అంటావు. కార్డు ఒక్కటే చాలదమ్మా.

రెండు కార్డులు వేరువేరు చోట్ల పెట్టుకో. మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా అని మెషీను అడిగితే వద్దని, ఆ ఊరి కరెన్సీనే నొక్కు. లేకపోతే మారకం రేటు వాళ్లు వేసిందే అవుతుంది, దాదాపు ఎప్పుడూ నీకే నష్టం. కెనడాలో ఒక సెంటు నాణేలు ఇవ్వడం 2013లో మానేశారు. నగదు ఇస్తే మొత్తాన్ని దగ్గరి అయిదు సెంట్లకు సర్దుతారు, కంగారుపడి గొడవపడకు.

ఇక పన్ను. అమెరికాలో, కెనడాలో వస్తువు మీద రాసిన ధరకు పన్ను కౌంటరు దగ్గర కలుస్తుంది. న్యూయార్క్ నగరంలో చాలా వస్తువులకు 8.875 శాతం, టొరంటోలో 13 శాతం. అమెరికాలో ఈ పన్ను కేంద్ర ప్రభుత్వానిది కాదు. రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), నగరం ఎవరి వాటా వారు వేస్తారు కాబట్టి పక్క ఊరికి వెళ్తే రేటు మారిపోవచ్చు. ఆరెగాన్ రాష్ట్రంలో అసలే లేదు. బ్రిటన్‌లో 20 శాతం, జర్మనీలో సాధారణంగా 19 శాతం వ్యాట్ ధరలోనే కలిసి ఉంటుంది. జపాన్‌లో 2021 ఏప్రిల్ నుంచి పన్నుతో కలిపిన ధర చూపించి తీరాలి. అయితే పన్ను లేని ధరను పక్కనే పెద్ద అక్షరాల్లో వేసే దుకాణాలున్నాయి, రెండో అంకె కూడా చూడు. అక్కడ తినుబండారాలు పొట్లం కట్టించుకుంటే 8 శాతం, కూర్చుని తింటే 10.

ఇక్కడి నుంచి తీరిగ్గా చదువు.

మీ నాన్న మొదటిసారి అమెరికా వెళ్లినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఒక రాత్రి ఇద్దరం హోటల్లో భోంచేశాం. వడ్డించిన అమ్మాయి ఓపిగ్గా చూసుకుంది. రసీదులో టిప్పు అని ఉన్నచోట మీ నాన్న అడ్డగీత గీసి సంతకం పెట్టాడు. ఇప్పుడే అంత పన్ను వేశారు, మళ్లీ ఇదెందుకని వాడి వాదన. లేచి వస్తుంటే ఆ అమ్మాయి ఎదురొచ్చి, నా వల్ల ఏమైనా లోపం జరిగిందా అని అడిగింది. ఏమీ లేదని వాడు నవ్వి బయటికి నడిచాడు.

మర్నాడు అక్కడే స్థిరపడిన నా స్నేహితురాలు విడమరిచి చెప్పింది. టిప్పులు అందుకునేవారికి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీస వేతనం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఇప్పటికీ అంతే. టిప్పులు కలిపినా మామూలు కనీస వేతనానికి తక్కువ పడితే తేడా యజమానే భర్తీ చేయాలి. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు పూర్తి వేతనమే ఇవ్వమంటాయి. కానీ చాలా హోటళ్లలో వడ్డించేవారు తమ అమ్మకాల లెక్కన బల్లలు తుడిచేవారికి, బార్‌లో పనిచేసేవారికి వాటా పంచాలి. అంటే మేం తిన్న భోజనానికి ఆ అమ్మాయి తన చేతి డబ్బు వదులుకుని ఉండవచ్చు. అది విని మీ నాన్న ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రమే వెళ్లాడు. ఆమె పనిలో లేదు. కవరులో డబ్బు పెట్టి మేనేజరుకు ఇచ్చి వచ్చాడు. అందిందో లేదో మాకు తెలియలేదు. చాలాకాలం ఆ మాట తీస్తే చాలు, గదిలోంచి లేచి వెళ్లిపోయేవాడు. అందుకే ఈ సంగతి నీతో ఎన్నడూ చెప్పి ఉండడు.

నువ్వూ వాడి కూతురివే, పైసా పైసా లెక్క చూస్తావు. చిన్నప్పటి నుంచి నీలో నాకు నచ్చిన గుణం అది. అయినా గట్టిగా చెబుతున్నాను: నీ పొదుపు ఇంకొకరి జీతంలోంచి జరగకూడదు. అమెరికాలో కూర్చుని తిన్నచోట పన్నుకు ముందున్న మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇవ్వు. అంత ఇవ్వడం భారమనిపిస్తే ఆ పూట పొట్లం కట్టించుకుని గదిలో తిను. కాఫీ కౌంటరులో బిల్లు మెషీను తెర నీవైపు తిప్పి టిప్పు అడిగినప్పుడు మాత్రం మొహమాటపడనక్కర్లేదు, అది నీ ఇష్టం. టొరంటోలో మద్యం వడ్డించేవారికి ఉన్న తక్కువ వేతనాన్ని 2022లో రద్దు చేశారు, టిప్పు అలవాటు మాత్రం పోలేదు.

ఆ దెబ్బకు మీ నాన్న ఎక్కడికెళ్లినా బల్ల మీద డబ్బు వదలడం మొదలుపెట్టాడు. లండన్‌లో బిల్లులోనే 12.5 శాతం సర్వీస్ ఛార్జి ఉన్నా చూసుకోకుండా మళ్లీ ఇచ్చాడు. నువ్వు ఆ వరుస చదివి చెల్లించు. 2024 అక్టోబరు నుంచి అక్కడ ఆ డబ్బంతా పనివాళ్లకే చేరాలని చట్టం ఉంది. బెర్లిన్‌లో బల్ల మీద వదలరు. బిల్లు కట్టేటప్పుడే అయిదు నుంచి పది శాతం కలిపి, ఇంత తీసుకోండి అని మొత్తం చెప్పాలి. టోక్యోలో అసలు ఇవ్వకు. మీ నాన్న వదిలిన చిల్లర మరిచిపోయాడనుకుని ఒక కుర్రవాడు వీధి మలుపు దాకా పరుగెత్తి తెచ్చి ఇచ్చాడు. అక్కడ కౌంటరు మీద చిన్న పళ్లెం ఉంటుంది, డబ్బు చేతికి ఇవ్వకుండా అందులో పెట్టు. మద్యం దొరికే భోజనశాలల్లో నువ్వు అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి, దానికి కొన్ని వందల యెన్‌లు బిల్లులో వేస్తారు. మోసం కాదది, అక్కడి మర్యాద.

ఏ బిల్లయినా అర్థం కాకపోతే ఫోటో తీసి నాకు పంపు. మాకు అర్ధరాత్రి అవుతుందేమోనని ఆలోచించకు, ఫోను తలగడ పక్కనే ఉంటుంది. టికెట్లు ఖాయమయ్యాక తేదీలు రాసి పంపు.

నీ అత్తయ్య