తెరమీది మనిషి పట్టుకోలేదు: మేనకోడలికి ఒక ఉత్తరం

నల్లగొండ

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు మేనమామ ఆశీస్సులు.

మీ మామగారికి పార్కిన్సన్స్ (కదలికలు మందగించి ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు) అని తేలిందని, దేవరకొండ నుండి హైదరాబాదుకు వారంవారం తిప్పడం మీ వల్ల కాక ఇంటి దగ్గరే వీడియో కాల్ ద్వారా వ్యాయామ చికిత్స మొదలుపెట్టబోతున్నారని నీవు ఫోనులో చెప్పావు. మా ఇంట్లో మీ అత్తమ్మకు ఈ జబ్బు వచ్చి తొమ్మిదేళ్లు. అందులో నాలుగేళ్లుగా ఆమె వ్యాయామమంతా నడిమింట్లో ఒక సెల్‌ఫోను ఎదుటనే సాగుతున్నది. నేను వైద్యుణ్ణి కాను, రిటైరైన లెక్కల మాస్టరును, కనుక మందుల మోతాదు జోలికి పోను. ఇంటివాళ్లు చేయవలసిన పని గురించి మాత్రం రాస్తాను. తెరమీద కనిపించే ఫిజియోథెరపిస్టు ఎంత నేర్పరి అయినా మనిషిని చూడగలదు గాని, తూలినప్పుడు పట్టుకోలేదు. ఆ పట్టుకునే పని మనది.

ఒక్కసారైనా ఆయనను ఫిజియోథెరపిస్టుకు ఎదురుగా చూపించకుండా ఫోను వ్యాయామం మొదలుపెట్టవద్దు. కండరాల బిగువు ఎంత ఉన్నదో చేయి పట్టి కదిలించి చూస్తేనే తెలుస్తుంది. పైగా ఆయన పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు, చిన్నప్పటి నుండి అక్కడి బోరు నీళ్లు తాగిన ఒళ్లు. మెదడులో కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనం తగ్గి వచ్చిన బిగువు మందుతో, కదలికతో కొంత సడలుతుంది. నీళ్లలోని ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ వల్ల వెన్నెముక, కీళ్లు గట్టిపడి వచ్చిన బిగువు లాగితే సడలదు సరికదా, కొత్త గాయానికి దారితీస్తుంది. రెండూ ఉన్న మనిషి నడుము వంగి చిన్న అడుగులతో నడుస్తుంటే, మన జిల్లా నీళ్ల సంగతి ఎరుగని వారికి అంతా ఒకే జబ్బుగా కనిపించవచ్చు. కాబట్టి పాత ఎక్స్‌రేలు ఉంటే వెతికి తీసి, మొదటి రోజే ఫిజియోథెరపిస్టు ముందు పెట్టు.

ఇక వేళ. ఒంట్లో డోపమిన్‌గా మారే మందు, అంటే లెవోడోపా గోలి వేసుకున్నాక ఎంతసేపటికి ఒళ్లు తేలికపడుతున్నదో, మళ్లీ ఎప్పుడు బరువెక్కుతున్నదో వారం రోజులు ఒక నోటుబుక్కులో రాసి, తేలికగా ఉన్న గంటలోనే వీడియో కాల్ పెట్టించు. జబ్బు కొత్తలో ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు గాని, రాసే అలవాటు ముందుముందు పనికి వస్తుంది. మీ అత్తమ్మకు ముప్పావు గంట పడుతుంది. ఒకనాడు ఆమె గోలిని పాలతో మింగడం వల్ల ఎంతసేపటికీ కాళ్లు కదలలేదు. పాలు, పప్పు, గుడ్డులోని మాంసకృత్తులు ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయని మాకు అప్పుడే తెలిసింది. తిండికి అరగంట ముందు నీళ్లతోనే వేయించు, డాక్టరు వేరే విధంగా చెబితే తప్ప. దూలగొండి గింజల పొడి మంచిదని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. ఆ గింజల్లో ఉన్నది కూడా లెవోడోపాయే గనుక, డాక్టరుకు చెప్పకుండా ఇస్తే మోతాదు మన చేయి దాటిపోతుంది.

ఫోను పెట్టే చోటు దగ్గర నేను చేసిన తప్పు నీవు చేయవద్దు. మొదట్లో మంచం మీద దిండుకు ఆనించి పెట్టేవాణ్ణి. నడుము పైభాగం చక్కగా కనిపించేది, పాదాలు మాత్రం కనిపించేవి కావు. వెనక్కి తిరిగేటప్పుడు ఆమె పాదాలు నేలకు అతుక్కుపోయిన సంగతి తెరమీది ఫిజియోథెరపిస్టు అమ్మాయికి తెలియక, "ఇంకొంచెం తిరగండి" అని ప్రోత్సహించింది. నేను నీళ్ల చెంబు కోసం వంటింట్లోకి వెళ్లి ఉన్నాను. అల్మారా అడ్డుండబట్టి సరిపోయింది, లేకపోతే తుంటి విరిగేది. ఆనాటి నుండి ఫోను నడుమెత్తు స్టూలు మీద, తల నుండి మడమ దాకా కనిపించేంత దూరంలో ఉంటుంది. కిటికీ ఆమె వీపు వెనుక ఉండదు, ఉంటే తెరమీద నీడ తప్ప మనిషి కనపడదు. నేను ఆమెకు పక్కగా, ఒక చెయ్యి దూరంలో నిలబడతాను. కాళ్లు తుడుచుకునే పట్టలు, చాప, కుక్కపిల్ల, అన్నీ గది బయటనే. నిలబడి వ్యాయామం చేస్తుండగా ఇరుగుపొరుగు వచ్చి పలకరిస్తే నేనే బదులిస్తాను, ఎందుకంటే మాటా నడకా ఒకేసారి నడపడం ఈ జబ్బులో చాలా కష్టం.

బీపీ యంత్రం ఇంట్లో ఉండాలి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాలలోపు మరొకసారి చూడు. పై సంఖ్య పడుకున్నప్పటికంటే 20 గాని అంతకు మించి గాని తగ్గితే ఆ రోజు నిలబడే వ్యాయామాలు మాని, డాక్టరుకు చెప్పు. మన ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గితే ఈ ఇబ్బంది ఎక్కువవుతుంది.

నడుస్తూ గడప దగ్గర కాళ్లు ఆగిపోతే చెయ్యి పట్టి లాగవద్దు. లాగితే పైభాగం ముందుకు వచ్చి కాళ్లు వెనుకనే ఉండిపోతాయి. ఆగనివ్వు, బరువును కుడికీ ఎడమకూ ఊగనివ్వు, ఆ తరువాత పెద్ద అడుగు వేయమను. మీ ఇంట్లో షాబాదు బండల నేల ఉన్నది కదా, వాటి మధ్య గీతలే మంచి గుర్తులు: ఒక్కొక్క గీత దాటమంటే, నడవమన్నప్పుడు కదలని కాలు కదులుతుంది. మీ అత్తమ్మకైతే బతుకమ్మ చప్పట్ల లయ పనికి వచ్చింది. నేను చప్పట్లు కొడుతుంటే అడుగు తానే పడుతుంది. మీ మామగారికి ఏ దరువు నచ్చుతుందో నీవే చూడాలి.

ఫోనులో చేసేది కూడా ఒక వైద్యమేనా అని ఆయన అంటారు, నాకు తెలుసు. నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో జబ్బు తీవ్రం కాని 130 మందిపై చేసిన పరిశోధన 2019లో వెలువడింది. దూరం నుండి పర్యవేక్షిస్తూ సగం మంది చేత ఇంట్లోనే కదలని సైకిలు తొక్కించి, మిగిలినవారి చేత సాగదీసే వ్యాయామాలు చేయించారు. ఆరు నెలలకు సైకిలు తొక్కినవారి కదలికలు రెండవ గుంపు వారికంటే మెరుగ్గా నిలిచాయి. ఈ సంగతి ఆయనకు చదివి వినిపించు. అయినా కొన్ని రోజులు లేవనే లేవరు. అది బద్ధకం కాదు. డోపమిన్ తగ్గితే పని మొదలుపెట్టాలనే కోరికే తగ్గుతుంది. అందుకే "చేస్తారా?" అని అడగకు, వేళకు ఫోను కలిపి కుర్చీ వేయి.

ఆ కుర్చీ ప్లాస్టిక్‌ది కాకూడదు, నున్నటి బండ మీద జారుతుంది. చేతులున్న బరువైన కర్ర కుర్చీ మా ఇంట్లో ఒకటి అదనంగా ఉన్నది; ఆదివారం దేవరకొండ వచ్చేటప్పుడు ఆటోలో వేయించుకొని వస్తాను. అప్పటి దాకా నిలబడే వ్యాయామాలు మొదలుపెట్టించకు.

ఇట్లు
నీ మేనమామ